తెలియక ఇచ్చినది ఇచ్చినట్టేనా?

పాత వెండి వస్తువు అంగడికి వచ్చినప్పుడు మన చేయి మొదట త్రాసు మీదికి పోవును. బరువు చూచి, మచ్చు చూచి, ధర కట్టుదుము. అది ఏమి వస్తువు, ఎవరు చేసిరి, ఎందుకు చేసిరి అను ప్రశ్నలు మూసలో కరిగిపోవును. ఈ ప్రశ్నలు వర్తకునికి అక్కరలేనివని కొందరందురు. నేను ఒప్పుకొనజాలను.

షోలాపూరులోని కుంఠా నాకా వంటి నేతపేటలలో తెలంగాణము నుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా ఉన్నవి. వారి పెట్టెలలో ఇట్టి చిన్న వస్తువులు దొరకుచుండును. నిమ్మకాయంత వెండి డబ్బీ ఒకటి అనుకొందము. లోపల తెల్లని పొర గట్టిగా అంటియుండినచో సున్నపుకాయ, తాంబూలపు సంచిలోనిది. రెండు ప్రక్కల చెవులుండి, దారము ఒరసి అరిగిన గుర్తు కనబడినచో లింగకాయ. ఒకరి మెడలో ఇష్టలింగమును మోసినది. సిద్ధరామేశ్వరుని ఊరిలో దీనిని వివరింపనక్కరలేదు. మూత క్రింద చిల్లుల పలక, లోపల బంగారు పూత ఉన్నచో అది ఇంగ్లీషు దొరసానులు వాసన చూచుకొనిన డబ్బీ కావచ్చును. సుగంధపు వినెగారులో తడిపిన స్పంజి అందులో ఉంచెడివారు. వినెగారు వెండిని తినకుండుటకే ఆ పూత.

ఇంగ్లీషు వస్తువైనచో చేసినవానిని పట్టుట సులభము. నడచుచున్న సింహపు ముద్ర వెయ్యింట 925 పాళ్ల వెండికి గుర్తు, లంగరు బర్మింగ్‌హాము నగరమునకు గుర్తు. పనివాని పేరుకు పొడి అక్షరములు, సంవత్సరమునకు మరొక అక్షరము. మన కంసాలి సాధారణముగా పేరు కొట్టలేదు. అతని చేతిని పనిలోనే చదువవలెను. సన్నని తీగను మెలిపెట్టి జాలీగా అల్లినది కరీంనగరపు పని కావచ్చును. ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించెను. కాని కటకములోను తీగపని కలదు. కరీంనగరపు వారి ఇంట దొరికినంత మాత్రమున తీర్పు చెప్పరాదు. వెండి పెళ్లిళ్లతోను తాకట్లతోను ఊళ్లు తిరుగును.

ఇక ధర్మప్రశ్న. ఒక అవ్వ ఆ డబ్బీని తులముల లెక్కన అమ్మ వచ్చినది. అది ఏమో కొనువానికి తెలిసినది, ఆమెకు తెలియదు. మాట్లాడవలసిన బాధ్యత లేనిచోట ఊరకుండుట మోసము కాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను చెప్పుచున్నది. రోములో సిసిరో ఈ చిక్కునే చర్చించెను: కరువుపడిన రోడ్సు ద్వీపమునకు ధాన్యముతో ముందుగా చేరిన వర్తకుడు, వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని చెప్పవలెనా? అక్కరలేదన్న పండితులు అప్పుడును ఉండిరి. సిసిరో మాత్రము చెప్పవలెననెను.

ఇవ్వనిదానిని గ్రహించుట చౌర్యమని తత్త్వార్థసూత్రము. దొంగసొమ్ము కొనుట, తప్పుడు తూకము, కల్తీ సరుకు అచౌర్యవ్రతమునకు అతిచారములని అందులోనే కలదు. మౌనము ఆ పట్టికలో లేదుకదా అని వాదింపవచ్చును. కాని అవ్వ ఇచ్చినది ఐదు తులముల వెండి. పనివాని పనితనమును, వస్తువు వయస్సును ఆమె ఇవ్వలేదు. అవి తన చేతిలో ఉన్నట్లే ఆమె ఎరుగదు. ఎరుగనిదానిని ఇచ్చుట ఎట్లు?

ఈ విద్య నేర్చుటకు ఏండ్లు పట్టినవి, దానికి కూలి వద్దా అని అడుగుదురు. న్యాయమైన మాటయే. లాభము పుచ్చుకొనవచ్చును, చెప్పి పుచ్చుకొనవలెను. చెప్పిన పిమ్మట ఆమె ప్రక్క అంగడికి పోయినచో అది వ్యాపారములో ఉండు నష్టమే. అంతకంటె పెద్ద నష్టములను మనము పత్తి బజారులో నవ్వుచు భరించుచున్నాము.

లింగకాయ అయినచో ధరతో తీరదు. ఆ అవ్వకు తెలియకున్నను ఇంట మరొకరికి అది పూజావస్తువు కావచ్చును. కరిగించుటకు ముందు ఇంటివారిని అడిగి రమ్మనుట మేలు. నూరేండ్లు దాటిన పురావస్తువైనచో 1972 నాటి చట్టము ప్రకారము దాని వ్యాపారమునకు లైసెన్సు కావలెను, దేశము దాటించుట నిషిద్ధము.

తూనిక చీటీ మీద వట్టి వెండి అని కాక, సున్నపుకాయ, పాత పని, ఇన్ని తులములు అని వ్రాసి ముందుగా ఆమె చేతికిచ్చి, తరువాత ధర మాట్లాడవచ్చును. దీనికి ఖర్చు ఒక కాగితము.