నకలు రాసిన చేతులు

పుస్తకాన్ని బతికించేది తాళం వేసిన బీరువానా, తెరిచి చదివే మనిషా? మొజంజాహీ మార్కెట్ గడియార స్తంభం దాటి సుల్తాన్ బజార్ వైపు నడుస్తుంటే ఒక రిటైరైన తెలుగు సారును ఈ సందేహం వదలదు.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నది అటే. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. పుస్తకం జనం చేతుల్లో పడాలనే కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి పూనుకున్నారు. ఆ తరం అచ్చువేసిన పుస్తకాలకే ఇప్పుడు చేతులు తగలకూడదు!

ఒకసారి ఓ గ్రంథాలయంలో ఆయన 1934 నాటి గోలకొండ కవుల సంచిక అడిగారు. "సార్, పాత కాయితం, జెర పైలంగ తిప్పుండ్రి" అంటూ బల్లమీద పెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో చెప్పిన జవాబది. పుట తిప్పగానే అంచు అప్పడంలా విరిగి, గోధుమరంగు పొడి ఆయన చొక్కా చేతిమీద రాలింది. ఆయన ఇంకో పుట తిప్పలేదు. ఎన్నడూ వినని పేర్లు ఆ ఒక్క పుటలో ఎన్ని కనిపిస్తే అన్నీ చదివారు.

కర్రగుజ్జు కాగితంలోని ఆమ్లమే దాన్ని లోపలినుంచి తినేస్తుంది. బీరువాలో పెట్టినా ఆగదు. మరి తాళపత్రాలు శాశ్వతమా అంటే, అవీ కావు. పాతబడిన ఆకును చూసి ఎవరో కొత్త ఆకుమీద గంటంతో మళ్ళీ రాస్తేనే కావ్యాలు మనదాకా వచ్చాయి. కాపాడింది భద్రత కాదు, నకలు. రాసిన మనిషి ప్రతి అక్షరం చదవక తప్పలేదు.

ఇప్పుడు స్కానింగ్ ఉంది. 1891లో ఆసఫియాగా మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ వేల పుస్తకాలు అలా నెట్‌లోకి ఎక్కాయి. ఎంత మేలు! ఊళ్ళో కూర్చున్న పిల్లవాడికీ అందుతున్నాయి. అయినా సారుకు మనసు కుదుటపడదు: ఒక్క వాక్యమూ చదవకుండా పుస్తకం మొత్తం నకలు తీయడం గంటంతో రాసిన రోజుల్లో సాధ్యమయ్యేదే కాదు. కొన్ని స్కాన్లలో పుట అంచున ఎవరిదో బొటనవేలు కనబడుతుంది. ఆ వేలుగలాయన ఒక్క పద్యమైనా చదివాడా అని ఆయన ఆగిపోతారు.

ఆ సంచికను ఇక ఎవరూ తెరవకూడదని ఆయన కోరిక. రోజూ ఎవరో ఒకరు వచ్చి అడగాలనీ అంతే గట్టిగా కోరుకుంటారు. రెండూ ఎలా పొసగుతాయో ఆయనకు ఇంతవరకూ తేలలేదు.