వాడిపోవు కిరీటము

చదువవలసిన భాగములు: 1 కొరింథీయులకు 9:24-27, 12:14-26, 2 తిమోతికి 4:6-18





క్రిస్మసు పండుగ మొదలుకొని సంక్రాంతి వరకు మన పల్లెలలో ఆటల పందెములు జరుగుచుండుట మీకు తెలిసినదే. వరికోతలు ముగిసిన పొలములలో గీతలు గీసి, కబడ్డీయు వాలీబాలును ఆడుచుందురు. ఈ కాలమున పెద్దలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి యున్నది. "అయ్యగారూ, మన పిల్లలు ప్రార్థనకు రమ్మనిన రారు, పందెమనిన పది మైళ్లు నడచి పోవుదురు. క్రైస్తవునికి ఈ ఆటలు తగునా?"

ఈ ప్రశ్నకు ఆట పాపమని నేను జవాబు చెప్పలేను. నేడు అమెరికా దేశములో గొప్ప జీతములకు ఆడబడుచున్న బాస్కెట్‌బాలు ఆటను కల్పించినవాడు జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు. ఆయన వేదాంత పాఠశాలలో చదివినవాడు. 1891 డిసెంబరు నెలలో, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందలి వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో, చలికి బయట ఆడలేక విసిగియున్న యౌవనస్థుల కొరకు ఆయన రెండు పండ్ల బుట్టలను ఎత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసిపెట్టెను. ఎదుటివానిని భుజముతో గుద్దకూడదు, పట్టి లాగకూడదు, త్రోయకూడదు అనునవి వానిలో చేరియున్నవి. బలమును అదుపులో నుంచుకొని ఆడుట నేర్పవలెనని ఆయన కోరెను. కనుక ఆటను నిందింపక, ఆటనుండి ఏమి నేర్చుకొనవలెనో చూతము.

అపొస్తలుడైన పౌలు చేసినదియు అదియే. కొరింథు పట్టణమునకు సమీపమున ఇస్త్మియా అను చోట రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెను. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటమును పెట్టుచుండిరి. ఆ ఆకుల సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వేసవిలో తునికాకు కోయు మన తల్లులకు అది బాగుగా తెలియును. తెల్లవారుజామున అడవిలో కోసినప్పుడు నిగనిగలాడు ఆకు, కట్ట కట్టి కల్లములో పరచిన తరువాత వాడి ఎండిపోవును. అట్టి ఆకు కిరీటము కొరకు ఒక మనుష్యుడు నెలల తరబడి తన నోటిని, నిద్రను, కోరికలను అదుపులో నుంచుకొనుచుండగా, వాడని కిరీటమునకు పిలువబడిన మనము ఎట్లుండవలెనని పౌలు అడుగుచున్నాడు.

మొదటిది: కిరీటము కోరువాడు తన్ను తాను లోపరచుకొనవలెను.

మన భద్రాచలములో పుట్టిన గొంగడి త్రిష యను బాలికను గూర్చి మీరు వినియుందురు. ఆమెకు క్రికెట్టు నేర్పింపవలెనని ఆమె తండ్రి తన ఉద్యోగమును విడిచి, కుటుంబముతో సికింద్రాబాదు చేరెను. 2025వ సంవత్సరమున 19 ఏండ్లలోపు బాలికల ప్రపంచ కప్పు పోటీలలో ఆమె మొత్తము 309 పరుగులు చేసెను. ఫిబ్రవరి 2వ తేదీన కౌలాలంపూరులో జరిగిన చివరి ఆటలో దక్షిణాఫ్రికా జట్టుమీద 3 వికెట్లు తీసి, 44 పరుగులు చేసి, అజేయురాలుగా నిలిచెను. ఆ దినమున మన గోదావరి యొడ్డున అనేకులు సంతోషించిరి. అయితే ఆ ఒక్క దినపు సంతోషము వెనుక ఎన్ని వేల ఉదయములు గలవో ఆలోచించితిరా? తండ్రి విడిచిన జీతము ఎంత? బిడ్డ విడిచిన నిద్ర ఎంత?

సహోదరీ, నీ బిడ్డకు వాక్యము నేర్పుటకు నీవు ఏమి విడిచితివి? సహోదరుడా, ప్రభువు దినమున ఒక్క గంట ముందుగా లేచుటకు నీ శరీరము నీ మాట వినుచున్నదా, లేక నీవే దాని మాట వినుచున్నావా?

రెండవది: నాయకుడు నిలిపిన చోట నిలువవలెను.

ఇప్పుడు మన తెలుగు దేశపు గొప్ప ఆటగాడొకని కథ చెప్పెదను. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ అను ఊరిలో తులసీదాసు బలరాము అను పేద పిల్లవాడు పెరిగెను. అతని ఆట చూచి హైదరాబాదు ఫుట్‌బాలు గురువైన సయ్యద్ అబ్దుల్ రహీము గారు అతనిని పిలిచిరి. అంత దూరము వచ్చుటకు పిల్లవానియొద్ద డబ్బు లేనందున, సైకిలు అద్దెకు రహీము గారే రోజుకొక రూపాయి ఇచ్చుచుండెనని చెప్పుదురు. ఆ పిల్లవాడు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు వెళ్లెను. 1957లో కలకత్తా చేరి ఈస్టు బెంగాలు జట్టువారికి ఆడెను. 1960లో రోము ఒలింపిక్సులో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు వేసెను.

1962లో జకార్తా పట్టణమున ఆసియా క్రీడలు జరిగెను. రహీము గారే గురువు. అప్పటికే ఆయన శరీరములో క్యాన్సరు వ్యాధి యుండెను. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2-0గా ఓడిరి. తరువాత థాయిలాండు మీద ఆడుచుండగా జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. గోలు కాయు పీటరు తంగరాజు జ్వరముతో పడియుండెను. పైగా రాజకీయ వివాదమువలన ఆ దేశపు జనులు మనవారిమీద కోపముతో నుండిరి.

రహీము గారు ఏమి చేసెను? ఎప్పుడును వెనుక నిలిచి అడ్డుకొను జర్నయిల్ సింగును, తలకు కట్టుతోనే, ముందుకు పంపి గోలు వేయుమనెను. అతడు, 'ఇది నా స్థానము కాదు' అనలేదు. సెప్టెంబరు 4వ తేదీన, సుమారు లక్షమంది జనుల యెదుట, వారి గేలి కేకల మధ్య, మునుపు తమ్మును ఓడించిన కొరియా వారితోనే మనవారు చివరి ఆట ఆడిరి. జ్వరమునుండి లేచిన తంగరాజు గోలు కాచెను. పి. కె. బెనర్జీ ఒక గోలు, తల పగిలిన జర్నయిల్ సింగు ఒక గోలు వేయగా, 2-1గా గెలిచి బంగారు పతకము తెచ్చిరి. మన బలరాము ఆ జట్టులో ముందు వరుసలో ఆడెను.

హిందువులు, ముస్లిములు, సిక్కులు ఒక జట్టుగా కూడి, వ్యాధిగ్రస్తుడైన ఒక గురువు మాటకు లోబడిరి. మన సంఘములలో ఏమి జరుగుచున్నది? పాటలకు నన్ను పెట్టలేదని ఒకడు అలుగును. సంఘపెద్దగా నన్ను ఎన్నుకొనలేదని మరియొకడు ఆరు నెలలు గుడికి రాడు. కన్ను చేతితోను, తల పాదములతోను నీవు నాకు అక్కరలేదని చెప్పజాలవని పౌలు అదే పత్రిక 12వ అధ్యాయములో బోధించుచున్నాడు. బలహీనములని తోచు అవయవములే మరి అవసరమైనవని కూడ అతడు చెప్పుచున్నాడు. ఈ మాటను మరువకుడి, దీనియొద్దకు మరల వచ్చెదను.

మూడవది: చప్పట్లు ఆగిపోవును.

జకార్తా విజయమునకు ఏడాది తిరుగక ముందే, 1963 జూను 11వ తేదీన, రహీము గారు కన్నుమూసెను. అదే సంవత్సరమున బలరాముకు ఊపిరితిత్తుల జబ్బు చేసెను. ముప్పది యేండ్లైన నిండలేదు. పెద్ద ఆటలలో ఇక ఆడలేకపోయెను. అతడు తరువాత అరువది యేండ్లు బ్రదికెను. పెండ్లి చేసికొనక, హుగ్లీ నది యొడ్డున ఉత్తరపాడా అను ఊరిలో నివసించి, 2023 ఫిబ్రవరి 16వ తేదీన 86 ఏండ్ల వయస్సున మరణించెను. లెక్క చూడుడి. లక్షమంది కేకలు వేసిన కాలము ఏడెనిమిదేండ్లు. ఆ కేకలు వినబడని కాలము అరువదేండ్లు. ఏ గొప్ప ఆటగానికైనను జీవితములో ఎక్కువ భాగము చప్పట్లు ఆగిన తరువాతనే యుండును.

ఇచ్చట నా తప్పిదమొకటి మీయెదుట ఒప్పుకొనవలసియున్నది. నేను పూర్వము సేవచేసిన ఒక పల్లెలో ఒక యౌవనస్థుడుండెను. కబడ్డీలో అతనిని పట్టగలవారు చుట్టుపట్ల లేకుండిరి. అతడు గెలిచి తెచ్చిన కప్పును క్రిస్మసు దినమున గుడిలో బల్లమీద పెట్టించి, నేనే అతనిని పొగడితిని. మరుసటి యేట అతని మోకాలు విరిగెను. ఆట పోయెను, కూలి పోయెను. కొంతకాలమునకు అతడు సారా త్రాగుచున్నాడని వింటిని. విని, ప్రసంగములో త్రాగుబోతులను ఖండించితినే గాని, అతని గుడిసెకు వెళ్లలేదు. ఎనిమిది నెలల తరువాత వెళ్లితిని. అతడు మంచముమీదనుండి లేవకయే, "కప్పు తెచ్చినప్పుడు మీరందరు వచ్చితిరి, అయ్యగారూ. కాలు విరిగినప్పుడు ఎవరును రాలేదు" అనెను. నాకు జవాబు దొరకలేదు. "తప్పు నాదే, నాయనా" అని అతని ప్రక్కన కూర్చుంటిని.

ఆ రాత్రి నేను మొదటి కొరింథీ పత్రిక 9వ అధ్యాయపు చివరి వచనము చదివితిని. ఇతరులకు ప్రకటించిన తరువాత తానే త్రోసివేయబడుదునేమో యని పౌలు భయపడెను. ఆ భయము కాపరులకు ఎంత అవసరమో నాకప్పుడు తెలిసెను. బలహీనమైన అవయవము ఎక్కువ అవసరమైనదని నేను బోధించితిని. కాని బలముగల అవయవమునే గౌరవించితిని.

ప్రియులారా, పందెమును గూర్చి వ్రాసిన పౌలు తన పరుగు ముగింపున ఎచ్చట నుండెను? చెరసాలలో నుండెను. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయములో, తన పరుగు ముగిసినదనియు, నీతి కిరీటము తనకొరకు ఉంచబడినదనియు వ్రాయుచున్నాడు. అదే అధ్యాయములో, ఉంచి వచ్చిన పై అంగీని చలికాలమునకు ముందుగా తెమ్మని బ్రతిమాలుచున్నాడు. లూకా ఒక్కడే తనయొద్ద నున్నాడనియు, న్యాయసభలో తన పక్షమున ఎవరును నిలువలేదనియు చెప్పుచున్నాడు. అయితే ప్రభువు తన ప్రక్క నిలిచెనని సాక్ష్యమిచ్చుచున్నాడు. పౌలుకు చప్పట్లు లేవు, కప్పుకొనుటకు అంగీ లేదు, గాని కిరీటము భద్రముగా నుండెను.

ఆ కిరీటము ఎందుకు వాడదు? అది మన బలమునుబట్టి ఇయ్యబడునది కాదు గనుక. మన ప్రభువుకును ఒక దినమున చప్పట్లు మ్రోగెను. ఖర్జూరపు మట్టలు పట్టుకొని జనులు హోసన్నా అని కేకలు వేసిరి. ఆ వారము ముగియక ముందే ఆయనకు ముండ్ల కిరీటము పెట్టిరి. ఆయన స్నేహితులు పారిపోయిరి. ఓడినవారి స్థానము ఎట్టిదో, విడువబడినవారి రాత్రి ఎట్టిదో ఆయనకు తెలియును. తెలిసినవాడు గనుకనే, కాలు విరిగినవాని గుడిసెకు మనకంటె ముందుగా ఆయన వెళ్లును. మనము ఎనిమిది నెలల తరువాత వెళ్లినను, ఆయన అక్కడనే కూర్చుండి యుండును.

కాబట్టి యౌవనస్థులారా, ఆడుడి. న్యాయముగా ఆడుడి. సెల్లు ఫోనులో పందెము కాయుటకును, గెలిచిన రాత్రి త్రాగుటకును ఆటను సాకుగా పెట్టుకొనకుడి. మీ బలము మీది కాదు, అది ఎరువు తెచ్చుకొన్నది. ఒకనాడు తిరిగి ఇయ్యవలెను. దాని మీద ఇల్లు కట్టుకొనకుడి.

సంఘపెద్దలారా, మీ పల్లెలో చప్పట్లు ఆగిపోయినవారు ఎవరున్నారు? ఒకప్పుడు డోలక్ వాయించి, ఇప్పుడు చేతులు వణకుచున్న ముసలితాత యున్నాడా? ఇరువది యేండ్లు బైబిలు చెప్పి, ఇప్పుడు చూపు పోయిన అవ్వ యున్నదా? మిరపతోటలో కూలికి పోయి నడుము దెబ్బతిని మంచమెక్కిన తల్లి యున్నదా? ఈ నెల ముగియకముందే ఇద్దరిద్దరుగా వారియొద్దకు వెళ్లుడి. ఉత్త చేతులతో వెళ్లినను ఫరవాలేదు. పౌలు కోరినవానిలో ఒక అంగీయు, ఒక స్నేహితుడును ఉండెను గదా.

ఆ కబడ్డీ ఆటగాడు ఏమాయెనని మీరడుగుదురు. నేను రెండవసారి వెళ్లినప్పుడు అతడు లేచి కూర్చుండెను. అయిదవసారి వెళ్లునప్పటికి గుడి వసారాలో పిల్లలకు కబడ్డీ నేర్పుచుండెను. త్రాగుడు ఒక్కసారిగా మానలేదు, పడుచు లేచుచుండెను. మేమును ఈసారి అతనిని విడువలేదు. పందెమింకను ముగియలేదు.

ప్రార్థన: ముండ్ల కిరీటము ధరించిన ప్రభువా, మా బలమున్న దినములలో మమ్మును గర్వమునుండి కాపాడుము. మా బలము పోయిన దినములలో నిరాశనుండి కాపాడుము. చప్పట్లు ఆగిపోయినవారి గడప త్రొక్కు పాదములను మాకు దయచేయుము. మా పరుగు ముగియువరకు నీవే మా ప్రక్కన నిలువుము. ఆమేన్.