నూనెచుక్క

మా కారుకి ఆమధ్య ఒక జబ్బు పట్టుకుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కిర్రు కిర్రుమనేది. 2014లోనే తయారీ ఆపేసిన మారుతి 800 అది. వయసు మీద పడ్డాక మూలుగులు సహజమే కదా అనుకున్నాను. పక్కవాటా ఆయన సలహా విని మావారు అక్కడ నాలుగు చుక్కలు ఇంజనాయిల్ పోశారు. కిర్రు ఆగిపోయింది. "చూశావుటోయ్, పైసా ఖర్చు లేదు" అని మీసం మెలేశారు.

కొన్నాళ్ళకి కిర్రు పోయి టకటక వచ్చింది. బ్రేకు వేస్తే బండి ఓ పక్కకి లాగడం మొదలెట్టింది. రిటైరైన మనిషి, చేతిలో బోలెడు తీరిక. ఇంట్లోనే బాగుచేస్తానని ఓ ఆదివారం కారు కింద దూరారు. ఒక్క జాకీని నమ్మకూడదని స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం వేయించాను లెండి. టార్చి పట్టుకోవడం, స్పానర్లు అందించడం నా ఉద్యోగం.

చివరికి బయటపడింది అసలు ముద్దాయి. బుష్ అట. ఇనప గొట్టం లోపల మరో చిన్న గొట్టం, రెంటికీ మధ్య రబ్బరు, అంతే. చక్రాన్ని పట్టుకునే చెయ్యి, బండి చట్రం ఇనుముతో ఇనుము కొట్టుకోకుండా, గతుకు గతుకుకీ తను మెలిపడి మనకి కుదుపు తెలియనివ్వదు. కొన్ని దేశాల్లో దీన్ని 'సైలెంట్ బ్లాక్' అంటారట. ఎంత చక్కని పేరు! మాది మాత్రం ఉబ్బిపోయి, పగిలి, చేత్తో గిల్లితే ఊడివచ్చింది. నూనె తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందిట. అంటే మేము పోసిన మందే దాన్ని తినేసింది!

ఆ ముక్క చేతిలో పెట్టుకుని చూస్తుంటే నాకు మా అక్కయ్య గుర్తొచ్చింది. అక్కయ్య అంటే మా తోడికోడలే. అత్తయ్యగారు పదకొండేళ్ళుగా రాజమండ్రిలో వాళ్ళ దగ్గరే ఉంటున్నారు. ఇప్పుడు మంచం దిగాలంటే మనిషి సాయం కావాలి. ఆవిడ కోపం బావగారికి, బావగారి విసుగు ఆవిడకి తగలకుండా అక్కయ్యే మధ్యలో సర్దుతుంది. మేము పండక్కి వెళ్ళి, చీర పెట్టి, "నీ ఓర్పుకి దణ్ణం పెట్టాలక్కా, సాక్షాత్తూ భూదేవివి" అనేసి బస్సెక్కేస్తాం. పోయిన నెల ఫోన్లో అదే మాట అన్నాను. అటునుంచి కాసేపు పలుకు లేదు. తరవాత, "నాకున్నది ఓర్పు కాదే, దిక్కులేకపోవడం" అంది. ఆ రాత్రి మేమిద్దరం, 'అక్కయ్య ఈమధ్య మారిపోయింది సుమా' అనుకున్నాం కూడాను.

మీరే చెప్పండి. ఒకరి ఓర్పు మీద పదిమంది సుఖంగా కాలం గడుపుతున్నప్పుడు, ఆ ఓర్పుని పొగడటం కృతజ్ఞతా, తప్పించుకోవడమా? చప్పుడు ఆగాలని పోసిన నూనెచుక్క కాదూ నా పొగడ్త?

అలాగని ఎవ్వరూ దేన్నీ ఓర్చుకోకూడదంటే సంసారాలు నడుస్తాయా? రబ్బరే లేకపోతే బండి నాలుగు రోజుల్లో మూలపడుతుంది. ఓర్పు కావలసిందే. కాని ఓర్చేవాళ్ళు అరిగిపోతున్నారేమో చూడవలసిన బాధ్యత మాత్రం వాళ్ళది కాదు, పైన కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళది. బుష్ అరిగితే కొత్తది కొనుక్కోవచ్చు. మనిషికి ఆ వీల్లేదు. వంతు పంచుకోవడం ఒక్కటే దారి.

ఈ మాటే మావారితో అన్నాను. కారు కిందనుంచే, "అయితే రేపే అమ్మని తెచ్చేసుకుందాం, ఇక ఎప్పటికీ మన దగ్గరే" అన్నారు. ఆ ఉత్సాహం చూసి నాకు భయం వేసింది. ఎందుకంటే, అప్పుడే ఆయన కొత్త బుష్ బోల్టుని వదులుగానే ఉంచి పైకి లేచారు. ఎందుకని అడిగాను. "గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదకి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. త్వరగా చిరుగుతుంది. బరువు పడ్డాకే బిగించాలి" అన్నారు.

"మరి మాట కూడా అంతేనండీ" అన్నాను. నా మోకాళ్ళ నొప్పులు, జారే స్నానాలగది, రాత్రిళ్ళు రెండుసార్లు లేవడం, అన్నీ లెక్కలోకి తెచ్చుకున్నాం. ఏడాదికి నాలుగు నెలలు మావి అని తేల్చుకున్నాం. స్నానాలగదిలో పట్టుకోడానికి కమ్మీ బిగించాకే రాజమండ్రికి ఫోను చేశాం. అక్కయ్య సంతోషించలేదు. "నాలుగు నెలలా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది. నమ్మలేకపోయింది పాపం. ఆ అనుమానం మేము సంపాదించుకున్నదే.

అత్తయ్యగారు వచ్చి మూడు వారాలైంది. నిన్న ఉప్మాలో ఉప్పు లేదని విసుక్కుంటే నేనూ విసుక్కున్నాను. పదకొండేళ్ళంటే ఏమిటో కొంచెం అర్థమవుతోంది.

రెండు పక్కలా బుష్‌లు మార్చి, వీల్ ఎలైన్‌మెంట్ చేయించాక కారు చప్పుడు చెయ్యడం లేదు. అయినా అప్పుడప్పుడూ కిందకి దూరి చూస్తుండమని మావారికి చెప్పాను. అక్కయ్యకి మాత్రం రోజూ ఫోను చేస్తున్నాను. 'ఎంత ఓర్పో' అనడం మానేశాను. "రాత్రి నిద్రపట్టిందా అక్కా?" అని అడుగుతున్నాను.