మోసపోయినవాడు సిగ్గుపడాలా?



కిందటి వేసవిలో, మామిడికాయల లారీలు సత్తుపల్లి దారి పట్టే రోజుల్లో, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు పెనుబల్లిలో నన్ను చూడవచ్చారు. చాలాసేపు ఎండల గురించి, కాయ ధర గురించి మాట్లాడారు. లేవబోతూ, "ఫాదర్ గారూ, నేను మోసపోయాను. మా అబ్బాయికి తెలిస్తే తల ఎత్తుకోలేను" అన్నారు. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా ఇది రాస్తున్నాను.

బ్యాంకు నుండి అంటూ ఆయనకు ఫోను వచ్చింది. సాయంత్రానికి క్రెడిట్ కార్డు ఆగిపోతుందన్నారు. కార్డు నంబరు, వెనుక ఉండే మూడంకెలు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకున్నారు. అంతటితో ఆగక ఒక యాప్ కూడా వేయించారు. ఆ తరువాత ఆయన ఫోనుకు వచ్చే ప్రతి సందేశమూ దొంగకు చేరుతూనే ఉంది. మొదటి రోజు పోయినవి 18,000 రూపాయలు. సిగ్గుతో ఆయన ఎవరికీ చెప్పలేదు. నా దగ్గరకు వచ్చేనాటికి ఎనిమిది రోజులు గడిచాయి. పోయిన సొమ్ము 74,000 అయింది.

అంతా విని నేను అన్న మొదటి మాట, "మీరు కూడానా మాస్టారూ?" ఆయన తల వంచుకున్నారు. ఆ వంచిన తలే నా చేత ఈ వ్యాసం రాయిస్తోంది. మోసపోవడం తప్పా?

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ నీతిశాస్త్రం మాకు పాఠం. బలవంతం వల్ల గాని, ఉన్న విషయం తెలియక గాని చేసిన పని మనిషి ఇష్టపూర్వకంగా చేసినది కాదని ఆయన వాదించాడు. అయితే ఆ తెలియకపోవడానికి మనిషే కారకుడైతే నింద తప్పదనీ అన్నాడు; తాగి ఒళ్ళు తెలియని వాణ్ణి ఉదాహరణగా చూపించాడు. ఈ తక్కెడలో మాస్టారి సంగతి తూచి చూద్దాం. అవతలివాడు దొంగ అని ఆయనకు తెలియదు. కానీ ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ఆ సందేశంలోనే రాసి ఉంది. కనుక ఆయనది పొరపాటే. అయితే పొరపాటు వేరు, నేరం వేరు. తలుపు గడియ వేయడం మరచినవాడూ, ఆ తలుపు తీసి దోచుకున్నవాడూ ఒకే బోనులో నిలబడరు గదా!

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం కూడా ఇంచుమించు ఇటువంటి గీతే గీసింది. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల లోపల ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదంది. రహస్య వివరాలు తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన సొమ్ము అతని నష్టమనీ, తెలియజేశాక పోయినది బ్యాంకు భరించాలనీ చెప్పింది. గమనించండి: పొరపాటు చేసినవానికి కూడా, నోరు విప్పిన గడియ నుండి రక్షణ ఉంది. మాస్టారి మొదటి 18,000 పొరపాటు వల్ల పోయాయి. మిగిలిన 56,000 సిగ్గు వల్ల పోయాయి.

ఆ సిగ్గు ఆయనకు ఎవరిచ్చారు? "చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా?" అనే మనమే. నేను అన్న మాటా అటువంటిదే. దొంగ మొదట నమ్మకాన్ని వాడుకుంటాడు, తరువాత సిగ్గును వాడుకుంటాడు. ఆ రెండవ ఆయుధాన్ని అతని చేతికి అందించేది మనం.

అయితే ఇక ఎవరినీ నమ్మవద్దా? క్రెడిట్ అనే మాటకు మూలం లాటినులో నమ్ముట. మన ఊళ్ళలో సహకార పరపతి సంఘాలున్నాయి. పరపతి అంటే అప్పు పుట్టడమూ, నలుగురిలో మాట చెల్లడమూ. కొట్టులో ఖాతా నడిచేదీ, తోట బేరం కుదిరేదీ నమ్మకం మీదనే. కానీ ఆ నమ్మకం వెనుక ఏళ్ళ తరబడి చూసిన ముఖం ఉంది. ఫోనులో ఉన్నది గొంతు మాత్రమే. పరీక్షిస్తే నిజమైన నమ్మకం నొచ్చుకోదు. ఫోను పెట్టేసి, కార్డు వెనుక ఉన్న నంబరుకు మనమే చేస్తే బ్యాంకు కోపగించుకోదు. తొందరపెట్టేవాడు దొంగే. ఒక్క నిమిషం ఆగడం అపనమ్మకం కాదు, వివేకం.

ఆ సాయంత్రం మేమిద్దరం బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాం, యాప్ తీయించాం, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పాం. అక్కడ చెబితే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు అందుతుంది. ఇంకా చేతులు మారని సొమ్మును నిలిపివేయగలరు. ఎనిమిది రోజుల తరువాత నిలపడానికి ఏమీ మిగలలేదు. కొడుకుకు ఆయనే చెప్పారు. "నాన్నా, మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం ఆ అబ్బాయి అడిగాడట.

ఆ ప్రశ్న మన ఇళ్ళలో పుట్టకూడదు. కనుక ఈ వారమే మీ ఇంటి పెద్దలతో ఒక మాట అనండి: "ఏం జరిగినా ముందు మాకు చెప్పండి, మేము నవ్వం." అన్నాక, నిజంగానే నవ్వకండి.