సూతకము లేనివారి యింట పాపశంక యేల?

నెలలు నిండక పుట్టిన శిశువు ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో నుండును. తల్లి వేరొక వార్డులో, తండ్రి మందుల చీటితో వరండాలో. చూడవచ్చిన బంధువు "ఏ జన్మ పాపమో!" యని నిట్టూర్చును. శివభక్తుల నోట ఈ మాట రాదగునా?

దీక్షతో పూర్వకర్మము నశించునని మనము నమ్ముదుము. జాతి, జనన, ప్రేత, రజస్సు, ఉచ్ఛిష్టములను పంచసూతకములు లింగధారికి లేవని పన్నెండవ శతాబ్దముననే బసవాది శరణులు చాటిరి. పురిటిమైలను కాదన్న మనమే బాలింత మనస్సునకు పాపమను మైల నంటించుట ఎంత విడ్డూరము!

ఆ తల్లికి నిద్ర రాదు. బిడ్డను తాకుటకే భయము. దీనిని భక్తిలోపమనరాదు. జ్వరమునకు వైద్యుని పిలుచువారు మనోవ్యథకు పిలువరాదను నియమ మే ఆచారమునను లేదు. తండ్రి దుఃఖమును మ్రింగును గనుక అతని నడుగువారే యుండరు.

తక్కువ బరువు శిశువును పుట్టినది మొదలు దినమునకు 8 నుండి 24 గంటలు తల్లి రొమ్మున, చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచుకొనవలెననియు, ఆ కుటుంబమునకు ఆసరా యీయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది. ఈ ఆసరాయే మన దాసోహము. ఆసుపత్రికి చేరువనున్న మఠము ఒక గదియు, రెండుపూటల అన్నమును, తోడుగా నొక పెద్దమ్మను సమకూర్చలేదా? బిడ్డ క్షేమము నడిగినవారు "నీ వెట్లున్నావమ్మా?" యనియు నడుగవలెను.

శిశువు దక్కని యింటికి నెల దాటిన పిదప మనలో నెందరు వెళ్లుచున్నాము?