డొరొతియా సమ్మతి

1467 అక్టోబరు 16న స్విట్జర్లాండ్‌లోని ఓబ్‌వాల్డెన్ కొండసీమలో నిక్లౌస్ ఫోన్ ఫ్లూయె అనే రైతు భార్యనూ పదిమంది పిల్లలనూ విడిచి దైవచింతన కోసం ఇల్లు దాటాడు. అప్పటికి అతనికి యాభై ఏళ్ళు. పాడీ పొలమూ ఉన్న ఇల్లు. న్యాయాధికారిగా, సలహాసభ సభ్యుడిగా ఆ చుట్టుపక్కల మాట చెల్లే మనిషి. కొన్నాళ్ళకు తిరిగి వచ్చాడు గానీ ఇంటికి రాలేదు. ఇంటి దిగువన, కొద్ది నిమిషాల నడక దూరంలో, రాన్‌ఫ్ట్ లోయలో ఏటి పక్కన ఒంటరిగా ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళు అక్కడే ప్రార్థనలో గడిపాడు. 1481లో స్టాన్స్ పట్టణంలో స్విస్ రాజ్యాల కూటమి చీలిపోబోతుంటే అతను పంపిన సలహాతోనే రాజీ కుదిరింది. 1487లో కన్నుమూశాడు. 1947లో పన్నెండవ పయస్ పోపు అతన్ని పునీతుడిగా ప్రకటించారు. భార్య డొరొతియా విస్‌ను మాత్రం కతోలిక శ్రీసభ పునీతురాలని ప్రకటించలేదు. అతను ఇల్లు విడవడంలో పవిత్రత ఉందని నమ్మేవాళ్ళు ఆమె ఇంట్లో నిలబడటంలో అంతకు తక్కువ పవిత్రత ఉందని అనలేరు. అంటే ఆ నమ్మకమే చెడుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆమె మంచి భార్య కనుక ఆ పుణ్యంలో ఆమెకూ కాస్త వాటా ఇద్దామని కాదు. శ్రీసభ తానే పెట్టుకున్న కొలతతో కొలిచినా ఆమె జీవితం సరితూగుతుంది.

ఆ ఇంట్లో మిగిలిన పని ఎంతో చూడాలి. ఓబ్‌వాల్డెన్‌లో బతుకంతా పశువుల మీదే. వేసవిలో మందను ఎగువ మేతబీళ్ళకు తోలాలి. ఆ కొద్ది నెలల్లోనే వాలు మీది గడ్డి కోసి, ఎండబెట్టి, కొట్టాం నింపాలి. నింపలేకపోతే మంచు కురిసే నెలల్లో పశువులు చస్తాయి, పశువులు చస్తే పిల్లలు పస్తుంటారు. పెద్దకొడుకు హాన్స్‌కు ఇరవై ఏళ్ళు వచ్చాయి గనుక సేద్యం భారం అతని మీద పడింది. అతని వెనక ఉన్న తొమ్మిది మందిలో చివరివాడు చంటిపిల్లాడు. 1474లో హాలె నగరం నుంచి వచ్చిన హాన్స్ ఫోన్ వాల్ట్‌హైమ్ అనే యాత్రికుడు ఆమెను చూసి మాట్లాడి, ఆ సంగతి రాసిపెట్టాడు. నలభై లోపు వయసు, ముడతలు పడని ముఖం అని ఆమె రూపం చెప్పాడు. భర్త వెళ్ళి ఎన్నాళ్ళయిందని అడిగితే ఆమె పక్కనున్న చిన్నకొడుకును చూపించింది. వీడికి త్వరలో ఏడేళ్ళు నిండుతాయి, ఆయన వెళ్ళేనాటికి వీడు పదమూడు వారాలవాడు అని లెక్క చెప్పింది. ఆమె నోటి మాటగా మనదాకా చేరినది దాదాపు ఇంతే. అందులో ఫిర్యాదు లేదు, భర్త గొప్పతనం గురించిన పొగడ్తా లేదు. కాలాన్ని బిడ్డ వయసుతో కొలుచుకున్న తల్లి కనిపిస్తుంది.

నిక్లౌస్ దివ్యసత్ప్రసాదం తప్ప మరే ఆహారమూ ముట్టడని పేరు వచ్చినప్పుడు, ఎవరైనా చాటుగా అన్నం చేరవేస్తున్నారేమోనని అధికారులు నెలపాటు కాపలా పెట్టించారు. బిషప్ తరఫునా పరీక్ష జరిగింది. పైనున్న ఇంట్లో పదకొండు కడుపులు ఎలా నిండాయో ఎవరూ విచారించలేదు. నిక్లౌస్ పోయిన మరుసటి ఏడాది, 1488లో, ఆ ప్రాంతపు సాక్సెల్న్ విచారణ (పారిష్) పుస్తకంలో అతన్ని ఎరిగినవాళ్ళ సాక్ష్యాలు నమోదయ్యాయి. కొడుకులు హాన్స్, వాల్టర్ చెప్పినవి అందులో ఉన్నాయి. తల్లి సాక్ష్యం లేదు. అందుకే, ఆమె పవిత్రతకు రుజువేదని అడిగేవారికి నా జవాబు ఒకటే: రుజువులు ఎవరి గురించి సేకరించారో వారికే ఉంటాయి. మన బృహదారణ్యకోపనిషత్తులోనూ ఇంతే. ఇల్లు విడవబోతున్న యాజ్ఞవల్క్యుడితో మైత్రేయి ఆడిన మాటలు లోకానికి దక్కాయి, అతని మరో భార్య కాత్యాయని మాట ఒక్కటీ దక్కలేదు.

శ్రీసభ కొలత సంగతికి వస్తాను. తర్వాత పద్నాలుగవ బెనెడిక్ట్ పోపు అయిన ప్రోస్పెరో లాంబెర్తీని, పునీతుల ప్రకటన గురించి 1734–38 మధ్య పెద్ద గ్రంథం వెలువరించాడు. పునీతులకు ఉండాల్సిన వీరోచిత సుగుణం అంటే ఒకనాడు చేసిన సాహసం కాదనీ, సామాన్యులను మించిన మంచిని వెనకాడకుండా, ప్రసన్నంగా, అలవాటుగా చేయడమనీ ఆయన నిర్ణయం. అలవాటు తేలాలంటే ఏళ్ళు కావాలి. అలా చూస్తే దీర్ఘకాలం సంసారం ఈదిన రైతు ఇల్లాలే ఈ పరీక్షకు తగిన మనిషి. ఆచరణలో మాత్రం చూపు మరణఘడియ మీదకే పోతుంది. పోలండ్‌లో మరియానా బియెర్నాత్స్కా అనే రైతు వితంతువు 1943లో, జర్మన్లు గర్భవతి అయిన కోడల్ని తీసుకుపోబోతుంటే, ఆమె బదులు తాను వస్తానని వేడుకుని కాల్పులకు బలైంది. 1999లో వేదసాక్షిగా ధన్యురాలైంది. ఆ గౌరవం ముమ్మాటికీ న్యాయం. కానీ కోడలి బదులు ప్రాణమిచ్చే గుండె ఆ ఒక్క పూటలో పుట్టిందా? యాభై ఏళ్ళు దాటిన బతుకులో, పొలంలో, పొయ్యి దగ్గర, జపమాల దగ్గర తయారైన గుండె అది. సైనికులు ఆ గడప తొక్కకపోయి ఉంటే అదే గుండెతో ఆమె ముసలిదై పోయేది, ఎవరూ ధన్యురాలు అనేవారు కాదు.

రుజువేదనే ప్రశ్న కన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. ఇలాంటి జీవితాలను పవిత్రం అనడమంటే ఆడదాని మెడ మీది కాడిని పూజించడమే కదా, ఓర్చుకో అని కూతుళ్ళకు నేర్పడమే కదా అంటారు. ఈ భయం నిజమైనదే. ఆ మాట చెప్పి నోరు నొక్కిన ఇళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. అయితే నోరు నొక్కడానికి పనికొచ్చింది ఆమె పడిన శ్రమను లెక్కలోకి రానివ్వని మౌనమే. శ్రమకు ఖరీదు కట్టి, పేరు పెట్టి, బలిపీఠం దగ్గర చదివితే ఆ మౌనం సాగదు. నిక్లౌస్ ఎంత వదులుకున్నాడో చెప్పే ప్రతి ప్రసంగమూ, అతను వదిలినది ఎవరి నెత్తిన పడిందో కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆమెకు వేరే దారేముంది, పదిహేనవ శతాబ్దపు భార్య ఒప్పుకోక ఏం చేస్తుంది అనేవాళ్ళూ ఉన్నారు. లోకరీతిలో అది చాలావరకు నిజం. శ్రీసభ చట్టంలో కాదు. పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ ఏడవ అధ్యాయం ప్రకారం భార్య దేహం మీద భర్తకు ఎంత అధికారమో భర్త దేహం మీద భార్యకూ అంతే. దాని మీదే ఆధారపడి, ఆలి ఒప్పుకోనిదే మగవాడు సంసారం విడిచి సన్యాస వ్రతం పట్టకూడదని మధ్యయుగపు శ్రీసభ న్యాయం కట్టడి చేసింది. నిక్లౌస్‌కూ ఇది తెలుసు. దేవుడు తనకు చేసిన గొప్ప మేళ్ళలో మొదటిదిగా అతను చెప్పుకున్నది భార్యాపిల్లల సమ్మతి దొరకడమేనని సంప్రదాయం. అతను తొడుక్కున్న ముతక అంగీ ఇప్పటికీ సాక్సెల్న్ గుడిలో ఉంది. దాన్ని డొరొతియాయే తయారుచేసి ఇచ్చిందని అక్కడివారి నమ్మకం. ఆమె కాదని ఉంటే రాన్‌ఫ్ట్‌లో సన్యాసి ఉండేవాడు కాదు, 1481లో స్టాన్స్ నుంచి సలహా కోసం ఆ లోయలోకి దిగిన ఆ పట్టణపు ఫాదర్‌కు అక్కడ అడగడానికి మనిషే ఉండేవాడు కాదు.