ఇంటిగుట్టు

ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలందురు. అట్లయిన ఆలుమగల మనసులు విరిగినపుడు పరాయివారి యెదుట నోరు విప్పుట తప్పగునా? కుప్పము సీమలో కాపురము చెడినచో పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టుట పాత వాడుక. పదిమంది వినగా జరుగు ఆ తగవున గుట్టు నిలిచినదెక్కడ? పైగా అక్కడ తప్పెవరిదో తేల్చవలెను. తుదకు సర్దుకొని పొమ్మనుట తరచుగా ఆడబిడ్డకే.

మనోవైద్యుడు గాని, శిక్షణ పొందిన సలహాదారు గాని తీర్పు చెప్పరు. ఒకరు పలుకుచుండగా రెండవవారిని విననిత్తురు. విన్నది తిరిగి చెప్పింతురు. "నీవెప్పుడును ఇంతే" యను మాట వెనుక ఏ భయమున్నదో వెదకుదురు. అవసరమైనచో ఒక్కొక్కరితో వేరుగను మాటాడుదురు. విన్నది దాచుట వారి వృత్తిధర్మము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును ఆ గోప్యతను హక్కుగా గుర్తించినది.

వినుట చిన్న సంగతి కాదు. బసవన్న కాలపు కళ్యాణమున ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమేరి దాసోహము చేయువాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. అది ఆశ యని భార్య లక్కమ్మ మందలింపగా, మిగులు బియ్యమును తిరిగి పోసివచ్చెను. లక్కమ్మను పొగడువారు పెక్కురు. భార్యమాట విన్న మారయ్యను తలచువారు తక్కువ.

కొట్టుట యున్నచోట మాత్రము ఇద్దరినొకచోట కూర్చుండబెట్టుట తగదు. ముందామెకు రక్షణ కావలెను. 2005 నాటి గృహహింస చట్టమందులకే యున్నది.

కుప్పమునుండి రైలెక్కినచో బెంగుళూరు చేరవచ్చును. అక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రిలో కుటుంబములకు చికిత్స కలదు. పోలేనివారికి 2022లో ఆరంభమైన టెలిమానస్ ఉన్నది. 14416 నంబరునకు ఏ వేళనైనను ఫోను చేసి, ఖర్చు లేక, తెలుగుననే మాటాడవచ్చును.